ఫామ్ పోయిన ఆటగాడిని ఎంతకాలం ఆడించాలి? రగ్బీ సెలెక్షన్ల వెనుక లెక్క

క్లుప్తంగా: అంతర్జాతీయ రగ్బీలో తడబడుతున్న ఆటగాడికి ఇన్ని మ్యాచ్‌లే ఇవ్వాలన్న లెక్క ఎక్కడా లేదు. తడబాటుకు కారణం ఏమిటన్నదాన్ని బట్టి గడువు మారుతుంది. చేతిలో ఇంకొకడు సిద్ధంగా ఉన్న కోచ్ ఎక్కువ ఓపిక పట్టగలడు. 2023 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా తమ పదో నంబరు (ఫ్లై-హాఫ్) ఆటగాళ్లతో నడిచిన తీరులో ఈ తేడా బాగా కనిపిస్తుంది.

2023 అక్టోబరు 21. పారిస్ శివార్లలోని స్టాడ్ డి ఫ్రాన్స్‌లో రగ్బీ ప్రపంచకప్ సెమీఫైనల్. ఇంగ్లండ్‌తో ఆట మొదలై 31 నిమిషాలే అయింది. దక్షిణాఫ్రికా తన ఫ్లై-హాఫ్ మానీ లిబోక్‌ను బయటకు పిలిచి, హాండ్రే పొలార్డ్‌ను లోపలికి పంపింది. లిబోక్‌కు గాయమేమీ కాలేదు. జట్టు దాడి ఎటు సాగాలో నిర్ణయించేది ఫ్లై-హాఫే. చాలా జట్లలో గోల్ కిక్కులు (పోస్టుల మధ్య నుంచి బంతిని పంపి పాయింట్లు తెచ్చే కిక్కులు) కొట్టేదీ అతనే. అలాంటి ఆటగాడిని దెబ్బ తగలకుండానే విరామానికి ముందు తీసేయడం ఈ స్థాయిలో చాలా అరుదు. ఆట ముగియడానికి ఇంకా రెండు మూడు నిమిషాలుందనగా, దాదాపు 50 మీటర్ల దూరం నుంచి పొలార్డ్ కొట్టిన పెనాల్టీతో (ప్రత్యర్థి తప్పుకు దొరికే కిక్కు) దక్షిణాఫ్రికా 16-15తో గట్టెక్కింది.

లిబోక్‌ను అంతవరకు ఆడించడమే పొరపాటా? లేక అరగంటకే తీసేయడం తొందరపాటా? రగ్బీ ఆడే ప్రతి దేశంలోనూ ఏదో ఒక ఆటగాడి పేరుతో ఏటా నడిచే వాదన ఇది. (2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్‌ను చూసినవాళ్లకు పరిచయమైంది ఏడుగురి ఆట. ఇక్కడ మాట్లాడుకునేది 15 మంది ఆడే రగ్బీ యూనియన్ గురించి.)

క్రికెట్ లెక్క ఇక్కడ పనిచేయదు

భారత క్రికెట్‌లో జట్టును సెలెక్షన్ కమిటీ ఎంచుకుంటుంది, కోచ్ ఆడిస్తాడు. ఫామ్ పోయినవాడిని రంజీకి పంపి, అక్కడ పరుగులు చేశాక వెనక్కి పిలుస్తారు. రగ్బీలో చాలా దేశాల్లో సెలెక్టర్ అంటే హెడ్ కోచే. పక్కన సలహాదారులు ఉన్నా చివరి మాట అతనిదే. కాబట్టి ఆటగాడి మీద అతను చూపే ఓపికకు తన ఉద్యోగం కూడా ముడిపడి ఉంటుంది.

మ్యాచ్‌లూ తక్కువే. యూరప్‌లోని పెద్ద జట్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆరు జట్ల టోర్నీ సిక్స్ నేషన్స్‌లో 5 టెస్టులు (దేశాల మధ్య మ్యాచ్‌లు), జులైలో రెండు మూడు, నవంబరులో మూడు నాలుగు ఆడతాయి. ఏడాదంతా కలిపితే పది పన్నెండు. ‘ఇంకో ఐదు మ్యాచ్‌లు చూద్దాం’ అని కోచ్ అనుకున్నాడంటే ఒక టోర్నీ మొత్తాన్ని పణంగా పెట్టినట్టే. మార్చిలో విడిపోయిన ఆటగాళ్లు జులై దాకా క్లబ్బుల దగ్గరే ఉంటారు కాబట్టి లోపాన్ని దగ్గరుండి సరిచేసే వీలూ ఉండదు. క్లబ్ రగ్బీలో రాణించినా టెస్టుల్లో రాణిస్తాడన్న భరోసా లేదు. టెస్టులో బంతి చేతికొచ్చాక ఆలోచించుకోవడానికి దొరికే సమయం అంతకంటే తక్కువ.

పైగా కొన్ని దేశాలు తమ చేతులు తామే కట్టేసుకున్నాయి. విదేశీ క్లబ్బుల్లో ఆడేవాళ్లను ఇంగ్లండ్ మామూలుగా తీసుకోదు. విదేశాల్లో ఆడేవాడు వేల్స్ జట్టులోకి రావాలంటే కనీసం 25 టెస్టుల అనుభవం ఉండాలని 2023లో సడలించారు. అంతకుముందు ఆ అంకె 60. ‘వీడిని తీసేయండి’ అనడం తేలికే గానీ, తీసేసి ఎవరిని పెట్టాలన్న దగ్గరే అసలు చిక్కు వస్తుంది.

పది కిక్కుల్లో ఎంత నిజం ఉంటుంది?

రగ్బీలో అంకెల్లో పెట్టగలిగిన నైపుణ్యం గోల్ కిక్కింగ్. అందుకే వేటు గురించిన వాదనలు ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి. నూటికి 80 కిక్కులు పోస్టుల మధ్య నుంచి పంపే కిక్కర్‌ను తీసుకుందాం. టెస్టు స్థాయిలో ఇది మంచి సగటు. టెస్టుకు ఐదు కిక్కుల చొప్పున రెండు టెస్టుల్లో అతనికి పది కిక్కులు వస్తాయి. వాటిలో నాలుగు, అంతకంటే ఎక్కువ తప్పే అవకాశం ఎంత? ప్రతి కిక్కు కష్టం ఒకేలా ఉంటుందనుకుంటే, సంభావ్యత లెక్క ప్రకారం సుమారు 12 శాతం. అంటే ఎనిమిదిలో ఒక వంతు.

ఒక టోర్నీలో ఎనిమిది మంది మంచి కిక్కర్లు ఉన్నారనుకుంటే, ఏ లోపమూ లేకుండానే వాళ్లలో ఒకడు రెండు మ్యాచ్‌ల పాటు పనికిరానివాడిలా కనిపించే అవకాశం బాగా ఉందన్నమాట. ఆ ఒక్కడి కోసమే టీవీ స్టూడియోలో అరగంట చర్చ నడుస్తుంది.

అదే 50 కిక్కులు కొట్టాక కూడా విజయాల శాతం 60 దాటకపోతే విషయం వేరు. 80 శాతం సత్తా ఉన్నవాడికి అలా జరిగే అవకాశం దాదాపు వెయ్యిలో ఒకటి. అప్పుడు అదృష్టాన్ని తిట్టుకుని లాభం లేదు, లోపం నిజమే. కానీ టెస్టుల్లో 50 కిక్కులు పోగవడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది, అంత సమయం ఏ కోచ్ చేతిలోనూ ఉండదు. అందుకే స్కోరుకార్డు ఒక్కటే చూసి తేల్చడం కుదరదు. క్లబ్ మ్యాచ్‌ల కిక్కులు, ప్రాక్టీసులో అడుగుల వరస, కాలు బంతిని తాకే తీరు కూడా చూడాల్సిందే. ఎప్పటిలా కొడుతున్నా బంతి పోస్టుకు తగిలి బయటికి పోతోందంటే కొన్నాళ్లు ఆగవచ్చు. కొట్టే తీరే మారిపోయి ఉంటే మ్యాచ్‌లు లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మరీ ఘోరంగా ఆడిన రోజుల తర్వాత ఎవరి ఆటైనా కొంత మెరుగుపడుతుంది, ఎందుకంటే అది మళ్లీ తన సగటు దగ్గరికి వస్తుంది. పక్కన పెట్టి తిరిగి పిలిస్తే, వేటు బుద్ధి చెప్పిందంటారు. పక్కన పెట్టకుండా ఆడిస్తే, కోచ్ నమ్మకం నిలబెట్టిందంటారు. రెండు కథల్లోనూ సగం పని సగటే చేసి ఉంటుంది.

కనిపించే తప్పు, కనిపించని పని

2019లో జపాన్‌లో జరిగిన ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా ఫుల్‌బ్యాక్ (అందరికంటే వెనుక నిలబడే ఆటగాడు) విల్లీ లె రూ విమర్శల పాలయ్యాడు. ఎత్తుగా వచ్చిన బంతులను జారవిడిచాడు. అతన్ని తీసేయాలని సొంత దేశపు అభిమానులే గోల చేశారు. అప్పటి కోచ్ రాసీ ఎరాస్మస్ మాత్రం అతన్నే ఆడించాడు. ఫైనల్లోనూ లె రూ ఆడాడు, దక్షిణాఫ్రికా 32-12తో ఇంగ్లండ్‌ను ఓడించి కప్పు గెలిచింది. అదే లె రూ 2025లో తన వందో టెస్టు ఆడాడు.

మొండితనం ఫలించిందని సరిపెట్టుకోవచ్చు గానీ, కారణం ఫుల్‌బ్యాక్ పనిలోనే ఉంది. అతను సరైన చోట నిలబడితే ప్రత్యర్థి అటు బంతి కొట్టడు. కొట్టని కిక్కు ఏ లెక్కలోకీ రాదు. మైదానం అంచుల్లో ఆడే వింగర్లు ఎప్పుడు ముందుకు రావాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో వెనుక నుంచి కేకేసి చెప్పేది కూడా అతనే. జారిపోయిన బంతి మాత్రం స్టేడియంలో అందరికీ కనిపిస్తుంది. కోచ్ తూకం వేసేది ఈ రెండింటినీ కలిపి. ప్రేక్షకుడికి దొరికేది అందులో ఒక్కటే.

స్క్రమ్‌లో (రెండు జట్ల ఫార్వర్డ్‌లు గుంపుగా ఒకరినొకరు నెట్టుకుని బంతి కోసం పోటీపడే ఘట్టం) ముందు వరసన నిలిచే ప్రాప్‌ల పరిస్థితి ఇంకా విచిత్రం. అదే 2019 ఫైనల్లో ఆట మొదలైన కాసేపటికే ఇంగ్లండ్ ప్రాప్ కైల్ సింక్లర్ తలకు దెబ్బ తగిలి వెళ్లిపోయాడు. ప్రత్యామ్నాయంగా ఉన్న డాన్ కోల్ దాదాపు మ్యాచ్ అంతా ఒక్కడే లాగాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికా తాజా ప్రాప్‌లను దించి ఆ స్క్రమ్‌ను నలిపేసింది. ఆ తర్వాత మూడేళ్లకు పైగా కోల్ జాతీయ జట్టు ముఖం చూడలేదు. 2023లో కొత్త కోచ్ స్టీవ్ బోర్త్‌విక్ అతన్ని తిరిగి పిలిచాడు. మొదట చెప్పుకున్న ఆ సెమీఫైనల్‌ను మొదలుపెట్టిన ప్రాప్‌లలో కోల్ ఒకడు. ఇంగ్లండ్ స్క్రమ్ చెదిరిపోయింది అతను బయటకు వెళ్లాకే. పొలార్డ్ కొట్టిన గెలుపు పెనాల్టీ కూడా అలాంటి ఒక స్క్రమ్ నుంచే దొరికింది. 2019 నాటి ఓటమిలో కోల్ తప్పెంత, పరిస్థితి తప్పెంత అన్నది నాలుగేళ్ల తర్వాతగానీ సరిగా తేలలేదు.

ఒకే టోర్నీ, ఇద్దరు పదో నంబర్లు

ఇక లిబోక్ దగ్గరికి వద్దాం. పిక్క గాయం వల్ల పొలార్డ్‌కు 2023 ప్రపంచకప్‌కు ఎంచుకున్న 33 మంది జట్టులో మొదట చోటు దక్కలేదు. దాంతో ఫ్లై-హాఫ్ బాధ్యత లిబోక్‌పై పడింది. దాడిలో అతను దిట్ట. స్కాట్లాండ్‌పై 18-3తో గెలిచిన మ్యాచ్‌లో చూపు ఒకవైపు పెట్టి బంతిని మరోవైపు తన్ని కర్ట్-లీ అరెండ్సేకు ట్రై (బంతిని ప్రత్యర్థి గోల్ గీత అవతల నేలకు తాకించి పాయింట్లు సాధించడం) అందించాడు. గోల్ కిక్కులే అతన్ని ఏడిపించాయి. ఐర్లండ్ చేతిలో 13-8తో ఓడిన రోజు లిబోక్, ఫాఫ్ డి క్లెర్క్ ఇద్దరూ కిక్కులు పోగొట్టారు. ఓటమి తేడా ఐదు పాయింట్లు, కిక్కుల్లో పోయినవి పదకొండు.

ఆ సమయంలోనే హుకర్ (స్క్రమ్ ముందు వరసలో మధ్యన నిలిచేవాడు) మాల్కం మార్క్స్ గాయపడి ఇంటిదారి పట్టాడు. అతని స్థానంలో మరో హుకర్ వస్తాడనుకుంటే కోలుకున్న పొలార్డ్‌ను పిలిచారు. సమస్య ఉందని జట్టు ఒప్పుకున్నట్టే, కానీ లిబోక్‌ను మాత్రం పక్కన పెట్టలేదు. ఫ్రాన్స్‌పై 29-28తో గెలిచిన క్వార్టర్‌ఫైనల్‌ను కూడా లిబోక్‌తోనే మొదలుపెట్టారు. సెమీస్‌లో వర్షం పడింది, బంతి జారుతోంది, పరుగెత్తించే ఆటకు చోటు లేదు. అతని బలం పనికిరాని రోజు, బలహీనతకే పరీక్ష పెట్టే రోజు. అందుకే 31 నిమిషాలు. ఫైనల్ మ్యాచ్‌కు ఎంచుకున్న 23 మందిలోనూ అతను లేడు. న్యూజిలాండ్‌పై 12-11తో గెలిచిన ఆ మ్యాచ్‌లో మొత్తం 12 పాయింట్లూ పొలార్డ్ కాలి నుంచే వచ్చాయి.

కథ అక్కడ ముగియలేదు. 2024 సెప్టెంబరులో అర్జెంటీనాలో చివరి నిమిషాల్లో లిబోక్ పెనాల్టీ తప్పింది, జట్టు 29-28తో ఓడింది. అయినా తలుపు మూయలేదు. దాదాపు ఏడాది తిరిగేసరికి వెల్లింగ్టన్‌లో దక్షిణాఫ్రికా 43-10తో న్యూజిలాండ్‌కు చరిత్రలోనే అతిపెద్ద ఓటమి రుచి చూపించింది. ఆ రోజు పదో నంబరు జెర్సీ లిబోక్‌దే.

అదే ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా కోచ్ ఎడ్డీ జోన్స్ అనుభవజ్ఞులు క్వేడ్ కూపర్, మైకేల్ హూపర్‌లను పక్కన పెట్టి కుర్రాళ్లను తీసుకెళ్లాడు. 22 ఏళ్ల కార్టర్ గోర్డన్ ఆ జట్టులో ఏకైక అసలుసిసలు ఫ్లై-హాఫ్. ఆ ఏడాదే టెస్టుల్లో అరంగేట్రం చేశాడు. ప్రపంచకప్‌కు ముందు జోన్స్ జట్టు ఐదింటికి ఐదు ఓడిపోయింది. జార్జియాపై గెలిచాక సెయింట్-ఎటియెన్‌లో ఫిజీతో మ్యాచ్‌లో గోర్డన్ తడబడ్డాడు. రెండో భాగం మొదలైన కాసేపటికే అతన్ని తీసేశారు, జట్టు 22-15తో ఓడింది. తర్వాతి మ్యాచ్‌కు పదో నంబరు జెర్సీ బెన్ డొనాల్డ్‌సన్‌కు వెళ్లింది. వేల్స్ చేతిలో 40-6తో చిత్తయి, ఆస్ట్రేలియా ప్రపంచకప్ చరిత్రలో తొలిసారి లీగ్ దశలోనే ఇంటిముఖం పట్టింది. మరుసటి ఏడాది గోర్డన్ రగ్బీ లీగ్ (13 మంది ఆడే వేరే ఆట) క్లబ్బుతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. యూనియన్ ఆటకు తిరిగి వచ్చింది ఆ తర్వాతే.

రెండు జట్లూ మధ్యలోనే ఫ్లై-హాఫ్‌ను మార్చాయి. కానీ దక్షిణాఫ్రికా చేతిలో 2019 ఫైనల్ గెలిపించిన కిక్కర్ బెంచీ మీద ఉన్నాడు. అందువల్ల లిబోక్‌తో సాగినా ముప్పు తక్కువ, తీసేసినా నష్టం తక్కువ. ఆస్ట్రేలియాలో ఆ కుర్రాడు తడబడితే ఆదుకునే మనిషి లేడు. ఆడిస్తే ఓటమి, తీస్తే గందరగోళం. గోర్డన్‌కు ఎన్ని మ్యాచ్‌లు ఇవ్వాల్సింది అన్న ప్రశ్న ఫిజీ మ్యాచ్ నాటిది కాదు, 33 మంది పేర్లు రాసిన రోజుది. ఆ రోజు చేయాల్సింది చేయక ఫిజీ మ్యాచ్ తర్వాత చేసిన మార్పు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది.

కొన్నిసార్లు మార్చాల్సింది ఆటగాడిని కాదు, అతన్ని నిలబెట్టిన చోటును. తెలుగువాళ్లకు దీనికి వీవీఎస్ లక్ష్మణ్ కంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టినా అతను ఆ స్థానంలో కుదురుకోలేదు. కోల్‌కతాలో 281 కొట్టింది మూడో స్థానంలో వచ్చి.

పందొమ్మిదేళ్ల వాళ్ల సంగతి

కుర్రాళ్ల విషయంలో ఇంగ్లండ్ రెండు రకాలుగానూ చేసి చూసింది. 1998 జూన్‌లో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా 76-0తో ఇంగ్లండ్‌ను ఊచకోత కోసింది. ఆ రోజు ఫ్లై-హాఫ్ పందొమ్మిదేళ్ల జానీ విల్కిన్సన్. కోచ్ క్లైవ్ వుడ్‌వర్డ్ అతన్ని వదులుకోలేదు, అలాగని గుడ్డిగా మోయనూ లేదు. 1999 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్‌లో పాల్ గ్రేసన్‌ను ఆడించి విల్కిన్సన్‌ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. 2003 ఫైనల్ అదనపు సమయం ఆఖరి నిమిషంలో డ్రాప్ గోల్‌తో (ఆట సాగుతుండగానే బంతిని నేలకు తాకించి పోస్టుల మధ్యకు తన్నడం) ఇంగ్లండ్‌కు 20-17తో కప్పు తెచ్చింది విల్కిన్సనే.

2005 ఫిబ్రవరి 5న కార్డిఫ్‌లో మాథ్యూ టైట్ తొలి టెస్టు ఆడాడు. మర్నాడు అతని పందొమ్మిదో పుట్టినరోజు. వేల్స్ ఆటగాడు గావిన్ హెన్సన్ అతన్ని ఎత్తి కుదేసిన దృశ్యం టీవీల్లో తిరిగి తిరిగి వచ్చింది. ఇంగ్లండ్ 11-9తో ఓడింది, తర్వాతి మ్యాచ్‌కు టైట్ లేడు. ఒక్క మ్యాచ్‌తో వేటు. రెండేళ్ల తర్వాత 2007 ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా రక్షణను చీల్చుకుంటూ పరుగెత్తింది అతనే. ఆ పరుగు తర్వాత మార్క్ క్యూటో చేసిన ట్రైని, కాలు గీతకు తగిలిందంటూ టీవీ రిఫరీ కొట్టేశాడు.

టైట్ ఆ ఒక్క మ్యాచ్‌లో గొప్పగా ఆడలేదు, నిజమే. కానీ పద్దెనిమిదేళ్ల కుర్రాడిని కార్డిఫ్‌లో దించే ముందే, మొదటి దెబ్బ తగిలితే ఏం చేయాలో కోచ్ ఆలోచించుకుని ఉండాలి. తొలి మ్యాచ్ ఆడించే నిర్ణయంలోనే రెండో మ్యాచ్ నిర్ణయం కూడా ఉంటుంది.

అందరినీ ఒకేసారి మారిస్తే

ఓపిక పట్టకపోవడమే మేలనుకునేవాళ్లు వేల్స్‌ను చూడాలి. 2023 ప్రపంచకప్‌కు అటూ ఇటూ ఆలన్ విన్ జోన్స్, జస్టిన్ టిప్యూరిక్, డాన్ బిగర్, జార్జ్ నార్త్ లాంటి సీనియర్లు తప్పుకున్నారు. వింగర్ లూయిస్ రీస్-జామిట్ అమెరికన్ ఫుట్‌బాల్‌కు వెళ్లిపోయాడు. 2024 సిక్స్ నేషన్స్‌లో జట్టుకు కెప్టెన్ 21 ఏళ్ల డావిడ్ జెంకిన్స్. 2023 అక్టోబరు నుంచి 2025 జులై దాకా వేల్స్ వరుసగా 18 టెస్టులు ఓడింది. పద్నాలుగో ఓటమి తర్వాత కోచ్ వారెన్ గాట్లాండ్ దిగిపోయాడు. చివరికి కోబేలో జపాన్‌పై 31-22తో గెలిచి ఊపిరి పీల్చుకుంది.

ఈ మార్పులన్నీ సెలెక్టర్లు కోరి తెచ్చుకున్నవి కావు. అయితే కుర్రాడి తప్పును పక్కనున్న సీనియర్ సర్దేయగలిగినప్పుడే ఓపికకు అర్థం ఉంటుందని వేల్స్ కష్టం తేటతెల్లం చేసింది. అందరూ కొత్తవాళ్లే అయితే ఎవరి తప్పు ఎవరిదో కూడా తేలదు.

ఐర్లండ్‌ది ఇంకో తరహా ఇబ్బంది. ఫ్లై-హాఫ్ జానీ సెక్స్టన్ రిటైరయ్యాక 2024 సిక్స్ నేషన్స్‌ను జాక్ క్రౌలీతో గెలిచింది. ఆ నవంబరు నుంచే శామ్ ప్రెండర్‌గాస్ట్ వైపు మొగ్గింది. ఇద్దరి మధ్య జెర్సీ ఊగిసలాడుతుంటే, క్రౌలీ సొంత ప్రాంతం మన్‌స్టర్ అభిమానులు, ప్రెండర్‌గాస్ట్ ఆడే లీన్‌స్టర్ అభిమానులు ప్రతి కిక్కునూ ఓటులా లెక్కపెట్టుకున్నారు.

తలుపు ఎంత మేర మూయాలి

2010 అక్టోబరులో హాంకాంగ్‌లో ఆస్ట్రేలియాతో మ్యాచ్. న్యూజిలాండ్ సబ్‌స్టిట్యూట్ ఫ్లై-హాఫ్ స్టీఫెన్ డొనాల్డ్ బంతిని మైదానం బయటికి తన్నాల్సిన చోట తన్నలేకపోయాడు. ఆఖరి క్షణంలో ఆస్ట్రేలియా ట్రై చేసి 26-24తో గెలిచింది. దేశం మొత్తానికి డొనాల్డ్ బలిపశువయ్యాడు, 2011 ప్రపంచకప్ జట్టులో చోటు దక్కలేదు.

ఆ టోర్నీలో ఫ్లై-హాఫ్ డాన్ కార్టర్ గాయపడ్డాడు, తర్వాత అతని స్థానంలో ఆడిన కోలిన్ స్లేడ్. చేపలు పట్టుకుంటున్న డొనాల్డ్‌కు పిలుపు వెళ్లింది. ఫైనల్ మధ్యలో ఆరన్ క్రూడెన్ కూడా మోకాలి దెబ్బతో వెళ్లిపోయాక, పొట్టకు బిగుసుకుపోయిన జెర్సీతో డొనాల్డ్ మైదానంలోకి దిగి ఒక పెనాల్టీ కొట్టాడు. న్యూజిలాండ్ 8-7తో గెలిచింది.

దీన్ని చూపి డొనాల్డ్‌పై వేటు తప్పని వాదించలేం. ముగ్గురు గాయపడకపోతే అతను నది ఒడ్డునే ఉండేవాడు. గమనించాల్సింది ఇంకోటి: పిలిచినప్పుడు అతను వచ్చాడు, కిక్కు బాధ్యత తీసుకున్నాడు. వేటు వేసేటప్పుడు కారణం ముఖం మీద చెప్పారా, పేపర్లో చూసుకోమన్నారా అన్నది ఇలాంటి రోజున లెక్కలోకి వస్తుంది.

కోచ్‌ల మనసులో పనిచేసే మరో లెక్క ఉంది. పాత ఆటగాడితో ఓడితే నింద ఆటగాడికీ కోచ్‌కీ పంచుకుపోతుంది. కొత్తవాడిని దించి ఓడితే మొత్తం కోచ్ మీదే పడుతుంది. అందుకే ఉద్యోగం గట్టిగా ఉన్న కోచ్ ప్రయోగాలు చేస్తాడు, కుర్చీ కదులుతున్న కోచ్ పాత పేర్లను పట్టుకుని వేలాడతాడు. బయటికి రెండోది విధేయతలా కనిపిస్తుంది.

ముందున్న రెండేళ్లు

2026 జులై నుంచి నేషన్స్ ఛాంపియన్‌షిప్ క్యాలెండర్‌లోకి చేరింది. ఆరు యూరప్ జట్లు, దక్షిణార్ధగోళంలోని నాలుగు పెద్ద జట్లు, జపాన్, ఫిజీ అందులో ఉన్నాయి. ఇన్నాళ్లూ జులై, నవంబరు టెస్టులు చాలావరకు స్నేహపూర్వక మ్యాచ్‌లే. కోచ్‌లు కొత్తవాళ్లను అక్కడే పరీక్షించేవారు, ఫామ్ పోయినవాళ్లకు అక్కడే ఊపిరి దొరికేది. ఇకపై వాటికీ పాయింట్ల పట్టిక ఉంటుంది, కాబట్టి తడబడేవాడికి దొరికే గడువు ఇంకా కుదించుకుపోవచ్చు. ఆస్ట్రేలియాలో 2027 అక్టోబరు 1న మొదలయ్యే ప్రపంచకప్‌లో మాత్రం జట్ల సంఖ్య 20 నుంచి 24కు పెరుగుతోంది. లీగ్ దశలో బలహీన జట్లతో ఆడే మ్యాచ్‌లు పెద్ద జట్లకు కొంత వెసులుబాటు ఇస్తాయి. తమ బృందంలో ఇద్దరు నిజమైన ఫ్లై-హాఫ్‌లు ఉన్న జట్లే ఆ వెసులుబాటును వాడుకోగలవు.